మేనమామ కోసం గీయించిన బొమ్మలు

పెళ్ళిచూపులకి ముందు అమ్మాయి ఫోటో అబ్బాయివాళ్ళకి పంపడం మనకి కొత్త కాదు. మరి కెమెరాలు లేని రోజుల్లో? రాజుల ఇళ్ళల్లో చిత్రకారుడి చేత బొమ్మ గీయించి పంపేవారు. స్పెయిన్ రాకుమారి మార్గరీటా బొమ్మ మొదటిసారి అలా ప్రయాణం కట్టేనాటికి ఆ పాపకి రెండు మూడేళ్ళకు మించి లేవు!

1651 జులై 12న మాడ్రిడ్‌లో పుట్టింది మార్గరీటా. తండ్రి స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్, తల్లి మరియానా. ఈ మరియానాని మొదట ఫిలిప్ కొడుక్కిచ్చి చేద్దామనుకున్నారు. ఆ కుర్రాడు 1646లో చనిపోయాడు. దాంతో 1649లో ఫిలిప్పే ఆమెని పెళ్ళిచేసుకున్నాడు. ఆయన ఆమెకి స్వయానా మేనమామ. ఆయనకి 44 ఏళ్ళు, ఆమెకి 14.

మరియానా పుట్టిల్లు వియన్నా. కూతుర్ని మళ్ళీ అక్కడికే, తన తమ్ముడు లియోపోల్డ్‌కి ఇవ్వాలన్నది పెద్దవాళ్ళ ఆలోచన. పొలం బయటికి పోకూడదని మనవాళ్ళు మేనరికాలు చేసేవారు కదా, రాజ్యం బయటికి పోకూడదని వాళ్ళూ అంతే!

అందుకే పాప ఎలా ఎదుగుతోందో వియన్నా వాళ్ళకి తెలియాలని ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ చేత బొమ్మలు గీయించి పంపేవారు. మొదటి దాంట్లో గులాబీరంగు గౌను, చేతిలో విసనకర్ర, పక్కన బల్లమీద పూలకూజా. 1656 నాటి బొమ్మలో తెల్ల గౌను. 1659లో ఎనిమిదేళ్ళ పిల్లకి గుమ్మం పట్టనంత వెడల్పు నీలంరంగు పట్టుగౌను. అంత బరువు మోస్తూ కదలకుండా నిలబడ్డ ఆ పసిమొహంలో నవ్వన్నది కనిపించదు.

ఒక్క బొమ్మలో మాత్రం ఆమె చుట్టూ ఇల్లు కనిపిస్తుంది. అదే 1656లో వేసిన 'లాస్ మెనినాస్', అంటే చెలికత్తెలు. పదడుగులు దాటిన ఎత్తున్న ఈ చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. మధ్యలో అయిదేళ్ళ మార్గరీటా. ఒక చెలికత్తె మోకాళ్ళమీద కూర్చుని పళ్ళెంలో చిన్న ఎర్రమట్టి ముంత అందిస్తోంది. ముందు ఓ కుక్క పడుకుని ఉంది. కుంచె పట్టుకున్న వెలాస్కెజ్ కూడా అందులోనే ఉన్నాడు. అమ్మానాన్నలు వెనక అద్దంలో మసగ్గా కనిపిస్తారు.

1660లో వెలాస్కెజ్ పోయాడు. 1665లో తండ్రి పోయాడు. ఆ మరుసటేడు వెలాస్కెజ్ అల్లుడు మాసో గీసిన బొమ్మలో మార్గరీటాది నల్లగౌను. 1666 ఏప్రిల్‌లో పెళ్ళికొడుకు లేకుండానే, ఆయన తరఫున మరొకరిని నిలబెట్టి మాడ్రిడ్‌లో పెళ్ళి జరిపించారు. ఆమెకీ తల్లిలాగే 14 ఏళ్ళే! ఓడలోనూ బళ్ళలోనూ ఏడు నెలలు ప్రయాణం చేసి డిసెంబరులో వియన్నా చేరింది. తనకంటే 11 ఏళ్ళు పెద్దయిన చక్రవర్తి భర్తని పెళ్ళయ్యాక కూడా మామయ్యా అనే పిలిచేదట. ఇద్దరికీ సంగీతం, నాటకాలంటే ప్రాణం. 1668లో ఆమె పుట్టినరోజు వేడుకలకి బ్రహ్మాండమైన సంగీత నాటకం వేయించాడాయన.

కానీ కడుపు పండి కూడా నిలవలేదు. ఆరేళ్ళలో నాలుగు కాన్పులు, మధ్యలో గర్భస్రావాలు. బతికి బట్టకట్టింది ఒక్క ఆడపిల్లే, 1669లో పుట్టిన మరియా ఆంటోనియా. ఆ దుఃఖం ఆమెని మంచిదారి పట్టించలేదు. తన కష్టాలకి ఊళ్ళోని యూదులే కారణమని నమ్మింది. 1670లో చక్రవర్తి వాళ్ళని వియన్నా నుంచి వెళ్ళగొట్టడంలో ఆమె పట్టుదల కూడా ఉంది. తన బాధకి ఏ పాపమూ ఎరగని వందల కుటుంబాలు గూడు పోగొట్టుకున్నాయి.

అసలు కారణం ఇంట్లోనే ఉంది. తల్లిది మేనమామతో పెళ్ళి, కూతురిదీ మేనమామతోనే. దగ్గర రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు తరతరాలుగా జరిగితే పుట్టే పిల్లలకి ముప్పు ఎక్కువని ఈరోజు ఏ డాక్టరైనా చెబుతారు. ఆనాడు చెప్పేవాళ్ళు లేరు. ఆమె తమ్ముడు రెండో చార్లెస్ పుట్టురోగి. 1700లో ఆయన పిల్లల్లేకుండా పోవడంతో స్పెయిన్‌లో ఆ వంశమే ఆగిపోయింది.

మార్గరీటా 1673 మార్చి 12న కన్నుమూసింది. అప్పటికి 21 ఏళ్ళు! ఆ ఏడు తిరక్కుండానే లియోపోల్డ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కూతురు మరియా ఆంటోనియా కూడా 1692లో పురుడొచ్చిన రెండు నెలలకే, 23 ఏళ్ళకే పోయింది.

గులాబీ, తెలుపు, నీలం గౌన్ల బొమ్మలు మూడూ ఇప్పుడు వియన్నాలోని ఒకే మ్యూజియంలో ఉన్నాయి. అదే ఊళ్ళో రాజకుటుంబీకుల సమాధుల మధ్య ఆమె ఉంది. ఎక్కడైనా పుస్తకంలోనో క్యాలెండర్‌మీదో ఆ నీలిగౌను పాప కనిపిస్తే, గౌను ఎంత బాగుందో అని పేజీ తిప్పేయకండి. ఒక్కసారి ఆ మొహం కూడా చూడండి. పాపం, ఎనిమిదేళ్ళ పిల్ల. తన బొమ్మ ఎక్కడికి, ఎందుకు వెళుతోందో ఆమెనెవరూ అడగలేదు. మేనరికం మాట ఇంట్లో వచ్చినప్పుడైనా మన పిల్లల్ని మనం అడుగుదాం.