తాళాల మేస్త్రీ కొడుకు చెప్పిన కరెంటు లెక్క

గీజరుకు పెద్ద సాకెట్ ఎందుకు కావాలి? లో వోల్టేజీ ఉన్న రోజున ఇస్త్రీ పెట్టె ఎందుకు సరిగా వేడెక్కదు? ఈ ప్రశ్నలకు జవాబిచ్చే లెక్క దాదాపు రెండు వందల ఏళ్ల కిందటిది. దాన్ని ప్రపంచానికి అందించినవాడు జర్మనీకి చెందిన ఒక స్కూలు టీచరు. ఆయన పేరు జార్జ్ సైమన్ ఓమ్.

ఓమ్ 1789 మార్చి 16న బవేరియా ప్రాంతంలోని ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి యోహాన్ తాళాలు చేసే మేస్త్రీ. తల్లి ఒక దర్జీ కూతురు. ఆ దంపతులకు ఏడుగురు పిల్లలు పుడితే బతికింది ముగ్గురే. జార్జ్‌కు పదేళ్లప్పుడు తల్లి కూడా చనిపోయింది. తండ్రి పెద్ద చదువులు చదవలేదు. అయినా పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా గణితం, భౌతికశాస్త్రం నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా ఇంట్లోనే కొడుకులిద్దరికీ నేర్పాడు. ఆ ఇద్దరిలో చిన్నవాడు మార్టిన్ కూడా తర్వాత గణిత పండితుడయ్యాడు.

1805లో, పదహారేళ్ల వయసులో జార్జ్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ చదువు పక్కన పెట్టి డాన్సులు, బిలియర్డ్స్, మంచు మీద స్కేటింగ్ అంటూ తిరిగాడు. తండ్రికి కోపం వచ్చింది. తనకు దక్కని చదువును కొడుకు వృథా చేస్తుంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశాడు. అక్కడ జార్జ్ ఒక బడిలో లెక్కలు చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా సొంతంగా చదువుకున్నాడు. తిరిగి వచ్చి 1811లో అదే విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు.

డిగ్రీ ఉన్నా మంచి ఉద్యోగం మాత్రం దొరకలేదు. కొన్నేళ్లు చిన్న జీతాలతోనే నెట్టుకొచ్చాడు. 1817లో కొలోన్ నగరంలోని హైస్కూల్లో గణితం, భౌతికశాస్త్రం చెప్పే పని వచ్చింది. అక్కడ మంచి ప్రయోగశాల ఉంది. కరెంటు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ చూపించాడు. ఆ ముల్లు కదలికతో కరెంటును కొలవవచ్చని ఓమ్ గ్రహించాడు. తండ్రి దగ్గర అబ్బిన పనితనం ఇప్పుడు అక్కరకొచ్చింది. కావలసిన పరికరాలను తన చేతులతోనే తయారు చేసుకున్నాడు.

తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుందన్నది ఆయన ప్రశ్న. 1825లో ఒక సూత్రం అచ్చువేశాడు. అది తప్పు. కారణం బ్యాటరీ. ఆ రోజుల్లో బ్యాటరీ బలం నిలకడగా ఉండేది కాదు, కొలుస్తుండగానే పడిపోయేది. అచ్చయిన మాట మీద పట్టుబట్టకుండా ఓమ్ పని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. పోగెన్‌డోర్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాతో బ్యాటరీని పక్కన పెట్టాడు. రాగి, బిస్మత్ లోహాలను కలిపి, ఒక అతుకును మరిగే నీళ్ల వేడిలో, మరో అతుకును మంచులో ఉంచాడు. ఆ వేడి తేడా వల్ల నిలకడైన కరెంటు పుట్టింది. 2 అంగుళాల నుంచి 130 అంగుళాల వరకు 8 రాగి తీగలు తీసుకుని ఒక్కొక్కటీ కొలిచాడు. ఈసారి లెక్క సరిగ్గా కుదిరింది.

ఆ ఫలితాలను 1826లో ప్రకటించి, మరుసటి ఏడాది బెర్లిన్‌లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన చెప్పింది చాలా సులువు. కరెంటును తోసే బలం వోల్టేజీ, దాన్ని అడ్డుకునేది నిరోధం. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. తీగ పొడవైతే నిరోధం పెరుగుతుంది, లావైతే తగ్గుతుంది.

ఆ పుస్తకంతో విశ్వవిద్యాలయంలో పదవి వస్తుందని ఓమ్ ఆశపడ్డాడు. దాని కోసం సగం జీతానికి సెలవు పెట్టి మరీ రాశాడు. కానీ పండితులు పెద్దగా పట్టించుకోలేదు, కొందరు ఘాటుగా విమర్శించారు. మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగం వదిలేశాడు. బెర్లిన్‌లో పాఠాలు చెప్పుకుంటూ కొన్నేళ్లు గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరాడు.

గుర్తింపు చివరికి బయటి దేశం నుంచి వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌కు చెందిన జూల్, తీగలో పుట్టే వేడికీ కరెంటుకూ, నిరోధానికీ ఉన్న లెక్క ప్రకటించాడు. ఈ రెండూ కలిస్తే ఇంటి కరెంటు లెక్క పూర్తవుతుంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్, అంటే వాట్లు.

1000 వాట్ల ఇస్త్రీ పెట్టెనే తీసుకోండి. మన ఇళ్లలో వోల్టేజీ 230. 1000ని 230తో భాగిస్తే సుమారు 4.35 ఆంపియర్ల కరెంటు. 230ని 4.35తో భాగిస్తే నిరోధం దాదాపు 53 ఓములు. వోల్టేజీ 180కి పడిపోయినా పెట్టె నిరోధం దాదాపు అంతే ఉంటుంది. అప్పుడు కరెంటు 3.4 ఆంపియర్లు, పవర్ దాదాపు 610 వాట్లు. వేడి అంతగా తగ్గేది అందుకే. ఇక 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే వైర్లు వేడెక్కి ప్రమాదం. అందుకే దానికి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

ఓమ్ కోరుకున్న ప్రొఫెసర్ పీఠం 1852లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో దక్కింది. అప్పటికి ఆయన వయసు 63. రెండేళ్లకే, 1854 జూలై 6న కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. 1881లో ప్యారిస్‌లో సమావేశమైన విద్యుత్ నిపుణులు నిరోధం కొలతకు ఆయన పేరే ఖాయం చేశారు.

ఆయనకు మొదటి ఉస్తాద్ తండ్రే. పగలంతా తాళాలు చేసి, తాను కష్టపడి నేర్చుకున్న ఇల్మ్‌ను పిల్లలకు పంచిన ఆ మేస్త్రీ ఇంటిపేరు, ఇవాళ ప్రతి ఎలక్ట్రీషియన్ చేతిలోని మీటరు మీద కనిపిస్తుంది.