కొమర్రాజు లక్ష్మణరావు: తెలుగులో సైన్సుకు బాట వేసిన మనిషి

స్వర్ణోత్సవ సంచిక కోసం ఒక ఇంజనీరు జీవితం రాయమని సంఘం కార్యదర్శి అడిగారు. నేను ముప్పై ఏండ్లకు పైగా నీటిపారుదల పనుల్లో గడిపినవాణ్ణి కాబట్టి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గురించో, అలీ నవాజ్ జంగ్ గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. వాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది ఒక వంతెన కట్టని, ఒక కాలువ తవ్వించని మనిషి గురించి. ఎందుకో చెప్పాలంటే ముందు మన సదర్‌మాట్ దగ్గరికి పోవాలి.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన సైన్సు సారు మమ్మల్ని సదర్‌మాట్ చూడడానికి తీసుకపోయారు. నిజాం కాలంలో, 1891-92లో, గోదావరికి అడ్డంగా కట్టిన ఆనకట్ట అది. నిండితే నీళ్లు మీదినుంచే దుంకుతాయి. (2018లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చిన రోజు మీలో ఎంతమంది నాకు ఫోన్ చేశారో!) కట్ట అడుగున ఎందుకు వెడల్పుగా ఉండాలో సారు ఇసుకలో పుల్లతో గీసి చూపించారు. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది, ఆ తోపుడుకు ఆగాలంటే అడుగు బలంగా ఉండాలి. అంతే. పది నిమిషాల్లో అర్థమైంది, మళ్లీ మర్చిపోలేదు.

నాలుగేండ్ల తర్వాత ఇంజనీరింగు కాలేజీలో అదే పాఠం ఇంగ్లీషులో చెప్పారు. మూడు వారాలు విన్నాను. బోర్డు మీద ఉన్నది మన సదర్‌మాట్ గోడేనని నాకు తెలియనే లేదు. ఆ ఏడు రెండు పేపర్లు పోయాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మేము పది మందిమి వెనక బెంచీల్లో కూర్చొని, తెలివి లేనిది మాకేనని అనుకునేవాళ్లం. బాపుకు ఉత్తరం రాయడానికి నెల రోజులు ధైర్యం చాలలేదు.

ఆ సెలవుల్లో హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో కూర్చునేవాణ్ణి. అక్కడ విజ్ఞాన చంద్రికా మండలి పాత పుస్తకాలు కనిపించాయి. మా తాతల కాలం నాటివి, అవీ తెలుగులో సైన్సు పుస్తకాలు! ఇవి ఎవరి పని అని వెతుకుతూ పోతే లక్ష్మణరావు దగ్గరికి చేరాను. నేను కూర్చున్న గ్రంథాలయం కూడా ఆయనా ఆయన స్నేహితులూ కలిసి పెట్టిందేనని అప్పుడే తెలిసింది.

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. అక్క భండారు అచ్చమాంబకు చిన్న వయసులోనే పెండ్లయింది. ఆమె భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. తల్లినీ తమ్ముణ్ణీ ఆమె అక్కడికే తీసుకుపోయింది. తమ్ముడు బడికి పోతే, బడి ముఖం చూడని అక్క అతని పక్కన కూర్చొని చదువు నేర్చుకుంది. తర్వాత ఆమే అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది, తొలి తెలుగు కథకుల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది. ఒక పుస్తకం ఇద్దరికి చదువు చెప్పగలదని లక్ష్మణరావు మొదట చూసింది తన ఇంట్లోనే.

నాగపూరులో ఆయన చదువు సాగింది. మరాఠీలో వ్యాసాలు రాసేటంత పట్టు వచ్చింది. మరాఠీవాళ్లకు తమ భాషలో ఉన్న పుస్తకాలు తెలుగువాళ్లకు లేవన్న బాధ అక్కడే మొదలైందని నేను అనుకుంటాను. మన ఆదిలాబాదోళ్లకు ఇది చెప్పనక్కర లేదు, మనకు మహారాష్ట్ర పక్కిల్లే కదా.

చదువయ్యాక మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర కొలువులో చేరి దివానయ్యారు. మునగాల చిత్రమైన చోటు. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలా బ్రిటిషు వాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన పరగణా. అటు మద్రాసుతోనూ ఇటు హైదరాబాదుతోనూ సంబంధాలు పెట్టుకోవడానికి అంతకంటె అనువైన కొలువు ఉండదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో భాషానిలయం మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏండ్లు కూడా నిండలేదు.

మండలి నడిచిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. జమీందారు అండ ఇస్తాడు, వర్తకుడు ఇల్లు ఇస్తాడు, లక్ష్మణరావు రాసేవాళ్లను వెతుకుతాడు, ఊరూరా చందాదారులు పుస్తకాలు కొంటారు. 1907లో తొలి పుస్తకంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర వచ్చింది. 1908లో మండలి మద్రాసుకు మారాక వైద్యుడు ఆచంట లక్ష్మీపతి దాని పని భుజాన వేసుకున్నారు. జీవశాస్త్రం ఆయనే రాశారు. పదార్థ విజ్ఞానం మంత్రిప్రగడ సాంబశివరావు, రసాయన శాస్త్రం వేమూరి విశ్వనాథశర్మ, వ్యవసాయం గోటేటి జోగిరాజు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర కూడా ఈ మాలలోదే. లక్ష్మణరావు చరిత్రకారుడు. రసాయన శాస్త్రం తనకు రాదు కాబట్టి వచ్చినవాణ్ణి పట్టుకొని రాయించాడు. నా ఉద్యోగంలో ఎంతోమంది పెద్ద అధికారులను చూశాను, తనకు రానిది రాదని ఒప్పుకొని పక్కవాడికి అప్పగించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది.

ఒక లోటు కూడా చెప్పాలి. ఆ పుస్తకాల భాష గ్రాంథికం. సుల్తాన్ బజారులో కూర్చొని నేనే నిఘంటువు కోసం లేవాల్సి వచ్చింది, మరి ఆనాటి రైతు బిడ్డ సంగతేమిటి?

మన దిక్కు సంగతి ఇంకా వేరు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి ముందటేడే సర్కారు ఒక అనువాద సంస్థ పెట్టి, జీతాలిచ్చి, సైన్సు పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెప్పించింది. 1929 నుంచి అక్కడ ఇంజనీరింగు కాలేజీ కూడా నడిచింది. దేశభాషలో పెద్ద చదువు చెప్పవచ్చని అది రుజువు చేసింది, అందులో అనుమానం లేదు. కానీ ఖానాపూర్‌లో ఇంట్లో తెలుగు, గోండీ, లంబాడీ మాట్లాడే పిల్లలకు ఉర్దూ కూడా ఇంకో గడపే. సర్కారు పైసలతో ఉర్దూకు జరిగిన పని, తెలుగుకు చందాదారుల పైసలతో జరగాల్సి వచ్చింది.

లక్ష్మణరావు అన్నిటికంటె పెద్దగా తలకెత్తుకున్నది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ఇంగ్లీషువాళ్ల బ్రిటానికా వంటిది తెలుగులో తేవాలని ఆయన కోరిక. గాడిచర్ల, ఆచంట, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివాళ్లు తోడు నిలిచారు. మునగాల జమీ దావా పనులు ఒకపక్క, ప్రూఫులు ఒకపక్క. మద్రాసులో ఆయన ఇల్లు రాసేవాళ్లకు సత్రంలా ఉండేది. కందుకూరి వీరేశలింగం 1919లో కన్నుమూసింది ఆ ఇంట్లోనే. మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ 'అ' అక్షరంతోనే సరిపోయాయి. 1923 జూలై 12న లక్ష్మణరావు పోయారు. నలభై ఆరేండ్లు.

పని అక్కడే ఆగింది. ఈ ముక్క దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. అంతమందిని కలిపిన మనిషి, తను లేకపోతే ఆ ముడి ఎవరు పట్టుకోవాలో ఏర్పాటు చేయలేదు. లేక చేసేంత వ్యవధి దొరకలేదేమో. హైదరాబాదులోని పరిశోధక మండలికి ఆయన పేరు పెట్టుకున్నారు, లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను అచ్చు వేసింది. విజ్ఞాన సర్వస్వాన్ని ఏండ్ల తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు మళ్లీ ఎత్తుకున్నారు, 1938లో ఆయనా వెళ్లిపోయారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాకే కాలేజీ చదువుకు సరిపోయే తెలుగు పుస్తకాలు వరసగా రావడం మొదలైంది.

ఆ రెండు పేపర్లు మరుసటేడు పాసయ్యాను. కొత్తగా తెలివి రాలేదు. వెనక బెంచీల పది మందిమి కలిసి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఎడమ దిక్కున ఇంగ్లీషు మాట, కుడి దిక్కున మన బడిలో నేర్చుకున్న తెలుగు మాట. లెక్కలు తెలిసినవాడు లెక్కలవి, రసాయనం తెలిసినవాడు రసాయనానివి రాశాడు. పీడనం ఎదురుగా నేను సదర్‌మాట్ బొమ్మ వేశాను.

మొన్న ఎండాకాలం మన బడికి పోయినప్పుడు పాలిటెక్నిక్‌కూ బాసరకూ పోబోయే పిల్లలతో మాట్లాడాను. పుస్తకాలు మారాయి, ఫోన్లు వచ్చాయి, భయం మాత్రం నాకు బాగా గుర్తున్నదే. అందుకే మా బ్యాచీవాళ్లం ఏడుగురం ఆ పాత నోటుబుక్కును దులిపి మళ్లీ రాస్తున్నాం. 'అ'తో మొదలుపెట్టలేదు. సదర్‌మాట్, కడెం ప్రాజెక్టు, వరి కోత మిషను, ఇంటి మీటరు, వీటిలో కనిపించే మాటలతో మొదలుపెట్టాం. ఒక్కో పాఠానికి ఇద్దరు బాధ్యులు, ఒకరికి వీలు కాకపోతే ఇంకొకరు. నీళ్లు, యంత్రాలు దాదాపు అయ్యాయి. కరెంటు పాఠానికి ఒక్కరే ఉన్నారు, రెండో మనిషి కావాలి. మనలో విద్యుత్తు శాఖలో పనిచేసినవాళ్లు తక్కువేం లేరు. సంచిక అందుకునే రోజు కార్యదర్శి బల్ల మీదనే ఆ నోటుబుక్కు ఉంటుంది, పేరు రాసి పోండి.