చమురు రాతికి కొలత ఇచ్చిన నీళ్ళ ఇంజనీరు

ఒకరోజు ప్రాక్టికల్స్ క్లాసులో మా లెక్చరర్‌గారు నా చేతిలో ఒక తెల్లరాయి పెట్టారు. అది అసలైన సుద్దరాయి. మనం బోర్డు మీద వ్రాసే చాక్‌పీసు చాలాసార్లు జిప్సంతో చేసిందే, అది వేరు. నాలుకకి తాకిస్తే రాయి అంటుకుంది. నీటిచుక్క వేస్తే చటుక్కున పీల్చేసుకుంది. ఇందులో చమురు నిలవ ఉంటుందా అని ఆయన అడిగితే, తప్పకుండా ఉంటుందండీ అన్నాను. నిలవ ఉన్నదంతా బయటికి ఇస్తుందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆయన పక్క టేబులు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. లైబ్రరీలో దాని వెంటపడితే చివరికి ఒక మనిషి దగ్గర తేలాను. ఆయన చమురు కోసం ఒక్క బావి కూడా తవ్వించలేదు. అయినా ఈనాటికీ చమురు ఇంజనీర్లు రోజూ ఆయన పేరు తలవక తప్పదు. ఆయనే హెన్రీ డార్సీ.

డార్సీ 1803 జూన్ 10న ఫ్రాన్సు దేశంలోని దిజోన్ పట్నంలో పుట్టాడు. పద్నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి పట్టుదలతో చదివించింది. 1821లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరి, తరువాత వంతెనలు, రోడ్ల ఇంజనీర్లను తయారుచేసే కళాశాలలో చదువు ముగించుకుని సొంతవూరికే ఉద్యోగానికి వచ్చాడు.

ఆ రోజుల్లో దిజోన్ నీళ్ళంటే అందరికీ ఏవగింపు. బావులు మురికి, వాగు మురికి. 1828లో ఊళ్ళో లోతైన బావి తవ్వే పని డార్సీకి అప్పగించారు. నీరు పడింది గాని ఊరికి చాలలేదు. కుర్ర ఇంజనీరుకి అది తొలి పాఠం. భూమిలో నీరు ఉండడం వేరు, అది మనకి చాలినంతగా రావడం వేరు.

చెప్పొద్దూ, ఇక్కడ చదువుతుంటే నాకు మా నల్లరేగడి చేను గుర్తొచ్చింది. మా నాన్న అప్పుచేసి అందులో బావి తవ్వించాడు. తీసిన మట్టి ముద్ద పిసికితే చేతికి తడి అంటింది. ఇక జల పడ్డట్టే అనుకున్నాం. తెల్లారి చూస్తే అడుగున చెంబెడు నీళ్ళు! రేగడిలో నీరు లేక కాదు, అది వదలక. అప్పు మాత్రం నాలుగేళ్ళు తీర్చాం.

డార్సీ అక్కడితో ఊరుకోలేదు. దిజోన్‌కి పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో రోజ్వార్ అనే ఊట ఉంది. దాని నీటిని కప్పువేసిన కాలువ గుండా, ఏ యంత్రమూ లేకుండా, కేవలం వాలు మీద ఊళ్ళోకి తెచ్చే పథకం వేశాడు. 1840 సెప్టెంబరులో నీళ్ళు దిజోన్ చేరాయి. మరి కొన్నేళ్ళకి వీధివీధికీ గొట్టాలు వేశారు. ఇంత పనికీ తనకి రావలసిన రుసుము ఆయన వద్దన్నాడు. ఊరివాళ్ళు ఇచ్చిన బంగారు పతకం పుచ్చుకున్నాడు. పారిస్–లియాన్ రైలుమార్గం తన ఊరి మీదుగా పోవడానికి పాటుపడినవాడు కూడా ఆయనే. అందుకు నాలుగు కిలోమీటర్ల పొడవున కొండని తొలవవలసి వచ్చింది.

ఇంత చేసినవాణ్ణి 1848 విప్లవం తరువాత కొత్త పాలకులు దిజోన్ నుంచి తప్పించారు. కొద్దికాలానికే పారిస్‌లో నీటిసరఫరా, వీధుల పనులకు పెద్ద అధికారిగా వేశారనుకోండి. అక్కడా ఊరుకోక, గొట్టాల్లో నీరు పారే తీరు మీద ప్రయోగాలు చేశాడు. కాని ఒళ్ళు సహకరించలేదు. 1855లో ఉద్యోగభారం దింపుకుని దిజోన్‌కి తిరిగివచ్చాడు.

మరొకరైతే పడకకుర్చీలో విశ్రాంతి తీసుకుందురు. డార్సీ ఊరి ఆసుపత్రి ఆవరణలో ఒక ఇనుప గొట్టం నిలబెట్టించాడు. ఎత్తు మనిషికి మించి, వెడల్పు 35 సెంటీమీటర్లు. దాన్నిండా ఇసుక పోసి, పైనుంచి నీరు వదిలి, కింద కారినదాన్ని కొలిచాడు. పట్నాలకి నీరు వడకట్టే ఇసుకతొట్లు ఎంత పెద్దవి కట్టాలన్నదే ఆయన అసలు సమస్య. తేలిందేమంటే, పైనా కిందా నీటిమట్టాల తేడా ఎంత హెచ్చితే ప్రవాహం అంత హెచ్చుతుంది, ఇసుక మందం ఎంత పెరిగితే అంత తగ్గుతుంది. మిగిలిన గుణకం ఆ ఇసుక స్వభావం. 1856లో దిజోన్ నీటిపథకం గురించి వ్రాసిన పెద్ద గ్రంథం చివర అనుబంధంగా ఈ సూత్రాన్ని చేర్చాడు. ముచ్చటగా చెప్పుకోవలసిన సూత్రం, చివరి పుటల్లో!

1858 జనవరి 3న పారిస్‌లో న్యుమోనియాతో కన్నుమూశాడు. వయసు 54. పిల్లలు లేరు. దేహాన్ని దిజోన్‌కి తెచ్చి సమాధి చేశారు. ఊళ్ళో ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు.

ఆయన పోయిన ఏడాది తరువాత, 1859లో, అమెరికాలో డ్రేక్ చమురుబావి తవ్వాడు. చమురు పరిశ్రమ పెరిగాక, నీటికి చెప్పిన సూత్రంలోనే ద్రవం చిక్కదనాన్ని కూడా చేర్చి రాళ్ళకి వాడుకున్నారు. 1930లలో రాతి పారగమ్యతకి కొలమానంగా డార్సీ పేరే స్థిరపడింది. అందులో వెయ్యోవంతు మిల్లీడార్సీ.

ఇప్పుడు నా సుద్దరాయి దగ్గరికి వస్తాను. నార్వే వైపు ఉత్తర సముద్రంలో 1969లో ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడింది. చమురు ఉన్నది సుద్దలోనే. కంటికి ఆనని సముద్రపు నాచుజీవుల పెంకుల ముక్కలు కోట్లకొద్దీ పేరుకుని అయిన రాయి అది. మేలైన పొరల్లో మూడోవంతుకి పైగా ఖాళీయే. కాని ఆ ఖాళీల నడుమ దారులు మరీ ఇరుకు. అందుచేత రాయి పారగమ్యత కొద్ది మిల్లీడార్సీలే. అక్కడ చమురు ధారగా వచ్చిందంటే రాతిలో సహజంగా ఉన్న పగుళ్ళ చలవే. చమురు తీసేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గి సుద్ద నలిగింది, సముద్రపు అడుగు కుంగింది. 1984లో ఆ సంగతి గమనించి, 1987లో అక్కడి ప్లాట్‌ఫారాలను ఆరు మీటర్లు పైకెత్తారు. అదే ఏడు పెద్ద ఎత్తున నీరు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ నీరు ఏ దారిన, ఎంత వేగంగా పోతుందో లెక్క కట్టడానికి మళ్ళీ డార్సీ సూత్రమే దిక్కు.

లెక్చరర్‌గారి ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర జవాబుంది. రాతిలో ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎంత వదులుతుందన్నది రెండో లెక్క. రెండోది చూడకుండా తవ్వితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ వేసవికి ఊరు వెళ్ళినప్పుడు ఓ డబ్బా అడుగున చిల్లులు పొడిచి, ఒకసారి మా రేగడి, ఒకసారి ఏటి ఇసుక పోసి మా నాన్నకి చూపిద్దామనుకుంటున్నాను. డార్సీ ఎవరని అడిగితే, మనలాగే మొదటి బావిలో చాలినన్ని నీళ్ళు చూడనివాడని చెబుతాను.