అన్నమయ్య మా తాతకిచ్చిన మాట: తందనాన



మొన్నటి వీడియోలో అన్నమయ్య కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక విషయం చెప్పకుండా వదిలేశాను. టైమ్ చాలక కాదు, కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాలక. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మాది నెల్లూరు జిల్లా, సముద్రం పక్కన ఉండే జువ్వలదిన్నె. ఇప్పుడక్కడ పెద్ద ఫిషింగ్ హార్బర్ కట్టారు. నా చిన్నప్పుడు మాత్రం పడవలు, ఇసుక, వలలు, అంతే. మా తాత సముద్రాన్ని నమ్ముకుని బతికినవాడు. అక్షరం ముక్క రాదు. ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు రెండు వైపులా తాడు పట్టుకుని జనం వరసగా నిలబడేవాళ్లు. ఒకాయన ముందు ఎత్తుకుంటే మిగతా అందరూ హైలెస్సా అని అందుకునేవాళ్లు. ఆ మాటకు అర్థం ఏమిటని ఎవరూ అడిగేవాళ్లు కాదు. కానీ అది లేకపోతే వల కదిలేది కాదు. అంతమంది బలం ఒక్క క్షణంలో ఒక్కచోట పడాలంటే అందరి నోటా ఒకే చప్పుడు రావాలి. హైలెస్సా చేసే పని అదే.

శనివారం సాయంత్రం మా వీధిలో భజన ఉండేది. తాత తప్పకుండా వచ్చేవాడు. పాటలో మాటలు ఆయనకు నోరు తిరిగేవి కావు. తందనాన అని వచ్చే అన్నమయ్య కీర్తన మొదలైతే మాత్రం గొంతు విప్పేవాడు. అలల హోరును దాటి వినిపించాల్సిన గొంతు కదా, దాని ముందు హార్మోనియం ఎక్కడ ఆనుతుంది! చరణాల్లో మాటలు రాని చోటల్లా తందనాన, తాననా అని తనే నింపుకునేవాడు.

నేను అప్పుడు పదో తరగతి. ఒక శనివారం కావలి నుంచి నా స్నేహితులు వచ్చారు. వాళ్ల ముందు నాకు సిగ్గేసింది. అర్థం తెలియకుండా అరవొద్దని, మాటలు వస్తేనే పాడమని అందరిలో తాతతో అనేశాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాత శనివారాలు కూడా వచ్చాడు. గుమ్మం దగ్గర కూర్చుని తాళం వేసేవాడు, గొంతు మాత్రం ఎత్తలేదు. నాలుగేళ్లకు పోయాడు. ఆ నాలుగేళ్లూ తందనాన ఆయన నోట మళ్లీ వినలేదు.

ఈ ఛానెల్ కోసం అన్నమయ్య జీవితం చదువుతున్నప్పుడు ఆ శనివారం పదే పదే గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

అన్నమయ్య రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో పుట్టాడు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఆయన కథను మనకు ద్విపదలో చెప్పినవాడు మనవడు చినతిరువేంగళనాథుడు, ఇంట్లో పిలిచే పేరు చిన్నన్న. చిన్నతనం నుంచీ ఈ పిల్లాడికి పాటే లోకం. ఇంట్లోవాళ్లకు అది పనికిరాని పని. ఒకరోజు పశువులకు గడ్డి కోసుకు రమ్మని పంపితే కొడవలి వేలికి తెగింది. రక్తం చూసుకున్న ఆ క్షణంలో ఈ బంధాలన్నీ నాకెందుకు అనిపించిందట. అటుగా పాడుకుంటూ పోతున్న తిరుపతి యాత్రికుల వెంట నడిచి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ పిల్లాడిని కొండకు తీసుకెళ్లింది ఏ శాస్త్ర గ్రంథమూ కాదు. దారిన పోయే జనం పాట. కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలితో, అలసటతో సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువలా వచ్చి ప్రసాదం పెట్టి, చెప్పులు విప్పి నడవమని చెప్పిందని భక్తుల నమ్మకం. అక్కడే అమ్మవారి మీద శతకం చెప్పాడంటారు.

పదహారేళ్ల వయసులో స్వామి దర్శనమైంది. ఆ ఏడు నుంచి, అంటే 1424 నుంచి, 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నాడు. దాదాపు 79 ఏళ్లు! మొత్తం 32,000 సంకీర్తనలని సంప్రదాయం చెబుతుంది. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే చిన్న అరలో దాచారు. దాని పేరు సంకీర్తన భాండాగారం. శతాబ్దాల పాటు మరుగునపడి 20వ శతాబ్దంలో వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటిని చదివి, పరిష్కరించి మన చేతికిచ్చారు. ఇప్పుడు దొరుకుతున్నవి 12,000కు పైగా.

ఆ రాగిరేకుల్లో ఏముందని అనుకుంటున్నారు? సంస్కృత కీర్తనలున్నాయి, వేదాంతం ఉంది, శృంగారం ఉంది. వాటితో పాటే దంపుళ్ల దగ్గర పాడే సువ్వి ఉంది. సంక్రాంతి ముగ్గుల చుట్టూ తిరిగే గొబ్బి ఉంది. వసంతంలో పాడే జాజర ఉంది. పిల్లల్ని నిద్రపుచ్చే జోజో ఉంది, లాలి ఉంది. నిఘంటువు పట్టుకుని కూర్చుంటే వీటిలో చాలా మాటలకు పెద్దగా అర్థం దొరకదు. సువ్వి అనండి ఒకసారి, రోకలి దిగేటప్పుడు వదిలే ఊపిరి వినిపిస్తుంది. జోజో అనండి, ఊయల కదులుతుంది.

ఇవి అన్నమయ్య పుట్టించిన మాటలు కావు. ఆయనకు ముందే జనం నోళ్లలో ఉన్నవి. అంతకు చాలాకాలం ముందే పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ ప్రజలు పాడుకునేవాటిని పేర్లతో సహా చెప్పాడు. అన్నమయ్య వాటిని స్వామి దగ్గరకు తీసుకెళ్లాడు, అవి రాగిరేకు ఎక్కాయి. ఆలోచించండి, రాగి ఖరీదైన లోహం. ఒక్కో అక్షరం ఉలితో చెక్కాలి. అయినా ఆ చప్పుళ్లను ఎవరూ వృథా అని తీసెయ్యలేదు.

చదువు తక్కువై అలా రాశాడా అంటే, అదీ కాదు. అహోబిలంలో ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నవాడు. సంకీర్తన ఎలా ఉండాలో చెప్పే లక్షణ గ్రంథం సంస్కృతంలో రాసినవాడు. ఇక వేదం సంగతే చూడండి. ఋక్కును సామంగా పాడేటప్పుడు మధ్యలో హావు, హాయి లాంటి శబ్దాలు చేరతాయి. వాటిని స్తోభాలంటారు. మంత్రంలో అవి ఉండవు, మాటలుగా చూస్తే అర్థమూ ఉండదు. కానీ అవి లేకపోతే సామగానం పూర్తి కాదు. ఛాందోగ్య ఉపనిషత్తు మొదటి అధ్యాయంలో ఇలాంటి 13 స్తోభాల మీద ధ్యానం చెప్పారు. ఒకదాన్ని ఈ లోకంగా, ఒకదాన్ని వాయువుగా, ఒకదాన్ని చంద్రుడిగా, ఇలా భావించమన్నారు. చివరిదైన 13వది హుంకారం. దాన్ని మాత్రం ఇదీ అని చెప్పడానికి వీల్లేదన్నారు.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. పాటలో మాటలు రాని చోట శబ్దంతో నింపినందుకు కదా నేను మా తాత నోరు మూయించింది!

ఇక తందనాన దగ్గరకు వద్దాం. బుర్రకథ చూసే ఉంటారు. కథకుడు ఒక మాట చెబితే పక్కనున్న వంతలు తందాన తాన అంటారు. ఆ కథలకు తందాన కథలనే పేరు కూడా ఉంది. ఇందులోంచే మనకొక వెటకారం వచ్చింది. పెద్దాయన తానా అంటే వీళ్లు తందానా అంటారని తలూపేవాళ్లను ఎగతాళి చేస్తాం.

అన్నమయ్య జీవితంలో ఆ పరీక్ష కూడా వచ్చింది. సాళువ నరసింహరాయలు టంగుటూరు పాలకుడిగా ఉన్నప్పటి నుంచీ ఆయన్ని ఆదరించాడు. పెనుగొండకు పిలిపించుకున్నాడు. అమ్మవారి శృంగారం మీద ఒక పదం విని మురిసిపోయి, తన మీద కూడా అలాంటిది చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని కీర్తించిన నాలుకతో మనిషిని పొగడనన్నాడు. రాజుకు కోపమొచ్చి సంకెళ్లు వేయించాడు. స్వామిని తలచి పాడితే ఆ సంకెళ్లు ఊడిపడ్డాయని, రాజు తప్పు తెలుసుకుని క్షమాపణ అడిగాడని చిన్నన్న రాశాడు.

రాజుకు తందాన అనని మనిషి ఆయన. అదే మనిషి తందనాన అని ఎత్తుకున్న కీర్తనలో ఏం చెప్పాడో మీకు తెలుసు. పరబ్రహ్మం ఒక్కటే అన్నాడు. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనన్నాడు. పెద్ద కులంవాడూ కడజాతివాడూ నడిచే నేల ఒకటేనన్నాడు. ఏనుగు మీదా కుక్క మీదా కాసే ఎండ ఒకటేనన్నాడు.

ఇంత పెద్ద మాట చెప్పేటప్పుడు పల్లవిలో బరువైన సంస్కృత సమాసం పెట్టలేడా? పెట్టగలడు. కానీ అప్పుడు చదువుకున్నవాళ్లే పాడతారు, మిగతావాళ్లు వింటారు. అందరూ ఒకటే అని చెప్పే పాటలోనే జనం రెండుగా విడిపోతారు. తందనాన దగ్గర అలా జరగదు. పండితుడికి దాని అర్థం ఎంత తెలుసో పామరుడికీ అంతే తెలుసు. ఆ మాట దగ్గర ఇద్దరూ ఒకే నేల మీద నిలబడతారు. ఇది నాకు తోచిన మాట, తప్పయితే పెద్దలు సరిదిద్దండి.

మా తాతకు చరణాలు రాలేదు, నిజమే. ఆయన కోసం పెట్టిన మాట మాత్రం ఆయనకు వచ్చింది. నాకు చరణాలన్నీ వచ్చు, వాటి అర్థమూ వచ్చు. అయినా ఆ పాట చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేసింది నేనే. పాడొద్దని ఒక మనిషిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను.

ఇప్పుడు క్షమించమని అడగడానికి తాత లేడు. అందుకే హైదరాబాద్‌లో మా శనివారం భజనలో ఒక పని చేస్తున్నాను. ఆ కీర్తన వచ్చినప్పుడు తందనాన దగ్గర మైకు పక్కన పెట్టేస్తాను. వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ అందుకుంటారు. శ్రుతి తప్పుతుంది, తాళం కాస్త అటూ ఇటూ అవుతుంది. ఫర్వాలేదు.

మీ ఇంట్లో కూడా తాతయ్యో, జేజో, అమ్మమ్మో మాటలు మరిచిపోయి ఏదో కూనిరాగం తీస్తూ ఉండొచ్చు. అర్థమేంటని అడగకండి. పక్కన కూర్చుని మీరూ అందుకోండి. వీలుంటే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. నా దగ్గర మా తాత గొంతు లేదు.

వచ్చే శనివారం మరో వాగ్గేయకారుడి కథతో కలుద్దాం. గోవిందా గోవింద!