ఒక్క సంతకం కోసం

మా సిద్దిపేట వైపు నుంచి గల్ఫ్‌ పోయినవాళ్లు ఇంటికెప్పుడొస్తామా అని ఆరాటపడుతుంటే నాకు మేడమ్ భికాజీ కామా యాదికొస్తారు. 1861లో బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టిన ఆమె ప్లేగు రోగులకు సేవ చేస్తూ తానే జబ్బుపడి, వైద్యానికి లండన్‌ వెళ్లారు. అక్కడ స్వాతంత్ర్యం మాటెత్తేసరికి, రాజకీయాలు మానతానని సంతకం పెడితేనే స్వదేశానికి రానిస్తామంది బ్రిటిష్ సర్కారు. పెట్టనన్నారు! పారిస్ చేరారు. 1907లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో భారత జెండా ఎగరేశారు. గూఢచారులు వెంటపడ్డారు, ఆస్తి జప్తయింది. బ్రిటన్‌కు అప్పగించనన్న ఫ్రాన్సే మొదటి ప్రపంచయుద్ధంలో ఆమెను నిర్బంధించింది. చివరికి పక్షవాతం వచ్చాక, 1935లో ఆ హామీ ఇచ్చి బొంబాయి చేరారు. తొమ్మిది నెలలకే, 1936 ఆగస్టు 13న కన్నుమూశారు. ఆమె ఓడిపోయారని నేననను. పుట్టినగడ్డపై మమకారాన్నే సంకెల చేసిన సర్కారుదే ఆ సిగ్గు.