చిత్రకారుడు దామెర్ల రామారావు

గోదావరీతీరమున రాజమహేంద్రవరమందు ఒక చిత్రశాల కలదు. అది దామెర్ల రామారావు పేర వెలసినది. తైలవర్ణములతోను, జలవర్ణములతోను ఆయన వ్రాసిన చిత్రములు అచ్చట ఒక్కచోట చేరియున్నవి. కాఠియావాడు పల్లెజనులు, పురాణపురుషులు, తూర్పుకనుమలు, గోదావరీప్రవాహము, తెలుగింటి ఆడపడుచులు వరుసగా కనబడుదురు. ఆ చిత్రములను చూచుచు నడచుటయన్న, ఆయన చేసిన యాత్రలను తిరిగి చేయుటయే. ఇంతటి పని చేసిన ఆ చిత్రకారుడు ఇరువది యెనిమిదవ యేడు నిండకముందే కన్నుమూసెను.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఆ కాలమున చదువుకొన్న కుటుంబములలోని పెద్దలు తమ బిడ్డలు పరీక్షలలో కృతార్థులై ఉద్యోగములు సంపాదింపవలెనని కోరువారు. బొమ్మలు వ్రాయుట వినోదమే గాని, జీవితమునకు ఆధారమగు విద్యగా ఎంచబడలేదు. ఈ బాలునికి మాత్రము పుస్తకములోని అక్షరములకంటె దాని అంచున మిగిలిన తెల్లకాగితముపైననే మక్కువ.

అప్పుడు ఆ పట్టణపు ప్రభుత్వకళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా నుండెను. ఆయన రచయిత, చిత్రకారుడు. అజంతా చిత్రములన్నను అమరావతి శిల్పములన్నను ఆయనకు ప్రాణము. అమరావతి శిలాఫలకములలో చాలభాగము అప్పటికే చెన్నపట్టణమునకును లండను నగరమునకును తరలిపోయియుండెను. తన పూర్వుల శిల్పమును చూడగోరు తెలుగువాడు ఊరు విడిచి దూరదేశమేగవలసిన కాలమది. అట్టి కాలమున ఆ ఆంగ్లేయుడు తెలుగుబాలురను చేరదీసి, మీ దేశమున మహాచిత్రకళ యుండెను, దానిని మీరు మరల బ్రతికింపవలెనని నూరిపోసెను. రామారావుతోపాటు వరదా వెంకటరత్నము, అడివి బాపిరాజు మున్నగువారు ఆయన శిష్యులైరి. శిష్యులను ఆయన అజంతాకు తోడుకొనిపోయి, గుహల గోడలపైనున్న బుద్ధకథలను కన్నులార చూపించెను. అజంతా అప్పుడు నిజాము రాజ్యములోనిది. రామారావు హృదయమున ఆ యాత్ర వేసిన ముద్ర చెరగలేదు.

1916లో గురువు ప్రోత్సాహమున రామారావు బొంబాయి చేరి, 1857లో స్థాపింపబడిన జె. జె. చిత్రకళాశాలలో ప్రవేశించెను. అచ్చట సాగినది పాశ్చాత్యపద్ధతి. మనుష్యుని ఎదుట నిలిపి అవయవముల పొందికను పరిశీలించుట, వెలుగునీడలచే గుండ్రదనమును తెచ్చుట, నూనెరంగులను పొరలుగా వేయుట ఆ బోధనలోని ముఖ్యాంశములు. ఆయన వీనిని శ్రద్ధగా అభ్యసించి 1920 నాటికి చదువు ముగించెను. కాని ఇచ్చట ఒక చిక్కు కలదు. పాశ్చాత్యరీతి వశమైన కొలది అజంతా దూరమగునా? అజంతానే అనుకరించినచో నేర్చిన విద్య వ్యర్థమగునా? ఆనాటి భారతీయచిత్రకారులందరిని వేధించిన ప్రశ్న యిదియే. 1919లో కూల్డ్రే స్వదేశమునకు వెడలిపోయియుండెను. సమాధానమును రామారావు తానే వెదకుకొనవలసివచ్చెను.

ఆ వెదకులాటయే ఆయనను యాత్రికుని చేసెను. చిత్తుబొమ్మల పుస్తకము చేతబట్టి పశ్చిమభారతమున సంచరించెను. కాఠియావాడులో పశువులకాపరులను, పల్లెపడుచులను, వారి రంగురంగుల వస్త్రములను, నడకలోని ఠీవిని కన్నులలో నింపుకొనెను. పిదప వంగదేశమేగి రవీంద్రనాథ ఠాకూరును దర్శించెను. వంగచిత్రకారుల పొగమంచువంటి మెత్తని వర్ణములు అప్పుడు దేశమంతట ఆదరింపబడుచుండెను. బందరు ఆంధ్రజాతీయకళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు ఆ రీతినే బోధించెను. రామారావు దానిని గౌరవించెనే కాని అనుసరింపలేదు. బొంబాయిలో నేర్చిన శరీరనిర్మాణజ్ఞానమునకు అజంతాలో చూచిన రేఖాలాలిత్యమును జోడించి, తెలుగుముఖములను, తెలుగుకట్టును అందు నిలిపెను. దేశమంతయు తిరిగి ఆయన తెచ్చుకొనినది తన యింటిని చూడగల చూపు.

కథను చిత్రమున చెప్పుట ఆయనకు ప్రియమైన పని. సిద్ధార్థరాగోదయము, ఋష్యశృంగబంధనము ఆయన చిత్రములలో పేరుపొందినవి. ఋష్యశృంగుని కథ రామాయణమున వినబడునదే. అంగరాజ్యమున వానలు కురియక ప్రజలు అల్లాడగా, స్త్రీముఖమెరుగని ఆ మునికుమారుని వారకాంతలు వలపించి తోడితెచ్చిరి. ఆయన పాదము మోపగనే వర్షము కురిసెను. వానకై ఆకాశమువంక చూచుటకు అలవాటుపడిన మిడుతూరు ప్రాంతపు రైతులకు ఈ కథలోని ఆర్తిని వేరుగా వివరింపనక్కరలేదు. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఈ చిత్రమునకు బహుమానము లభించెను. తూర్పుకనుమల నడుమ గోదావరిని చూపిన మరియొక చిత్రమును రాజప్రతినిధి రెడింగు ప్రభువు కొనెను. 1924లో లండనునకు చేరువనున్న వెంబ్లీ ప్రదర్శనమునకును రామారావు కుంచె పనితనము చేరెను.

పేరు వచ్చిన పిమ్మట ఆయన మహానగరమున స్థిరపడలేదు. స్వస్థలమునకు మరలి, మిత్రుల సాయమున చిత్రకళాసంఘమును నెలకొల్పి యువకులకు విద్య నేర్పెను. ఆయన ప్రభావమున భార్య సత్యవాణియు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. ఇంటి ఆడువారు చిత్రలేఖనమునకు పూనుకొనుట ఆ దినములలో అరుదైన విషయము.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి ఆయనను కబళించెను. ఫలింపనారంభించిన చెట్టు నడిమికి విరిగినట్లయ్యెను. చిత్రకారుడు పోయిన పిదప చిత్రములు చెదరిపోవుట లోకమున పరిపాటి. ఒకటి కొనుగోలుదారునింటికి, మరియొకటి చెదపురుగుకు, వేరొకటి పరదేశమునకు పోవును. అమరావతి శిల్పములకు పట్టిన గతి రామారావు చిత్రములకును పట్టియుండెడిదే. కాని కుటుంబమువారును మిత్రులును అట్లు కానీయలేదు. వరదా వెంకటరత్నము సహాధ్యాయుని పనిని తన పనిగా నెంచి విద్యాలయమును సాగించెను. చిత్రములు పుట్టినయూరనే నిలిచినవి. అనంతరకాలమున చిత్రశాలను ప్రభుత్వము స్వీకరించినది.

రామారావు కుంచె పట్టిన కాలము స్వల్పము. ఆ స్వల్పకాలమున పండిన పంటను ఇరుగుపొరుగువారు పదిలపరచుటచే, ఆయనను చూడనివారు గూడ ఆయన చూచిన లోకమును చూడగలుగుచున్నారు. ఒకరు ఆర్జించిన విద్యను ఊరివారు కలిసి కాపాడుట యెట్టిదో గ్రంథాలయమును పెంచుకొనిన గ్రామమునకు తెలియును. మిడుతూరునుండి గోదావరిస్నానమునకు పోవువారు, రేవునుండి మరలునప్పుడు ఒక్క గడియ ఆ చిత్రశాలలో గడుపుదురుగాక.