శిశుహృదయ మెరిగిన మాంటిస్సోరి

రోమునగరమందలి సాన్ లొరెంజో పేటలో తల్లిదండ్రులు కూలిపనులకు పోవునపుడు పసిబిడ్డలను ఇంట విడిచి పోయెడివారు. ఆ పిల్లలు మెట్లమీదను, నడవలలోను తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. భవనముల యజమానులు తమ గోడలను కాపాడుకొనదలచి, పిల్లల నొకచోట చేర్చు భారమును ఒక వైద్యురాలికి అప్పగించిరి. 1907 జనవరి 6వ తేదీన తెరువబడిన ఆ శిశుగృహము గోడలకంటె మిన్నయైన దానిని కాపాడినది. ఆ వైద్యురాలే మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీలోని కియరవల్లెలో జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట మిక్కిలి అరుదైన ఆ దినములలో పట్టుదలతో చదివి, 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి పట్టమును పొందెను. మందబుద్ధులని లోకము త్రోసిపుచ్చిన బాలురకు బోధించుచు, చేతులకు పని కల్పించినచో బుద్ధి వికసించునని గ్రహించెను.

ఆనాటి బడులలో క్రమశిక్షణ యనగా కదలక కూర్చుండుటయే. ఆమె దాని నంగీకరింపలేదు. తన్ను తాను అదుపులో నుంచుకొనగల బిడ్డయే క్రమశిక్షణ గలవాడని ఆమె మతము. అయినను ఆ స్వేచ్ఛకు హద్దు కలదు. ఇతరులను బాధించుటను ఆమె సహింపలేదు. తోటివారిని కలతపెట్టు బిడ్డను కొట్టక, తిట్టక, వేరుగా నొక చిన్నబల్లయొద్ద కూర్చుండబెట్టి, ఇష్టమైన వస్తువుల నిచ్చి, రోగిని వలె లాలించెడిది. ఇతరులు శ్రద్ధతో పనిచేయుట అచటినుండి చూచి, ఆ బిడ్డ తానై వారిని చేరగోరెడివాడు.

అపాయమును తప్పించుకొను నేర్పును సైతము ఆమె పనిద్వారానే అలవరచెను. పసివారి చేతికి గాజుపాత్రలను, పింగాణిపళ్లెములను ఇచ్చెను. పగులని పాత్ర పొరపాటును దాచును. పగులునది జాగ్రత్తను నేర్పును. తేలికకుర్చీ తగిలి పడినచో, తన నడక సరిగా లేదని బిడ్డకే తెలియును. చేతులు కడుగుకొనుట, గుండీలు పెట్టుకొనుట, తలుపు మెల్లగా మూయుట, ఒకరికి తగులకుండ నడచుట, ఇవన్నియు అచట పాఠములే. ఒకనాడామె ముక్కు చీదుకొను విధమును చూపగా పిల్లలు చప్పట్లు కొట్టిరి. అంతవరకు అందుకై వారిని తిట్టినవారే గాని నేర్పినవారు లేరు.

లోకపు బిడ్డలకు తల్లియైన ఆమెకు కన్నబిడ్డ బాల్యము దక్కలేదు. 1898లో మారియో జన్మించెను. వివాహము లేని మాతృత్వమును ఆనాటి సంఘము క్షమింపదు గనుక అతడు పరుల యింట పెరిగెను. కౌమారమున తల్లిని చేరి, పిమ్మట ఆమె కృషికి కుడిభుజమయ్యెను.

ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక 1934లో ఆమె ఇటలీని విడిచెను. 1939లో దివ్యజ్ఞాన సమాజము పిలుపుపై మదరాసులోని అడయారునకు వచ్చెను. మరుసటి యేడు ఇటలీ యుద్ధమున దిగగా, బ్రిటిషు ప్రభుత్వము మారియోను నిర్బంధించి, ఆమె 70వ జన్మదినమున విడిచిపెట్టెను. యుద్ధకాలమున ఆమె అడయారులోను, కొడైకెనాలులోను ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. 1952 మే 6వ తేదీన హాలెండులో కన్నుమూసెను.

బిడ్డ తప్పుచేసినపుడు మందలించుటకు ముందు, ఒప్పు చేయు విధము వానికెవరైన చూపిరా యని విచారించు ఉపాధ్యాయుడు ఆమె బాటలో నడచువాడే.